వైరస్ లేకుండా కణంలోకి జీన్: పాలిమర్ నానోపార్టికల్స్ ఎక్కడ ఆగిపోతున్నాయి?

సెల్‌కల్చర్ సిరి:
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ బయోటెక్ చివరి సెమిస్టర్ ప్రాజెక్టులో ఉన్నాను. మా గైడ్ ఇచ్చిన పని వినడానికి చాలా సులువు: కణాన్ని పచ్చగా వెలిగించే జీఎఫ్‌పీ ప్రోటీన్ జీన్ ఉన్న ప్లాస్మిడ్‌ని (గుండ్రటి డీఎన్‌ఏ ముక్క) పీఈఐ, అంటే పాలిఇథిలీన్ఇమీన్ అనే పాలిమర్‌తో కలిపి మనిషి కణాల్లోకి పంపాలి. ల్యాబుల్లో మామూలుగా పెంచే హెక్ 293టీ కణాల్లో బ్రహ్మాండంగా వస్తోంది. మైక్రోస్కోప్ కింద ప్లేటంతా పచ్చగా వెలుగుతోంది, కణాల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టే ఫ్లో సైటోమెట్రీలో వెలిగేవి 80 శాతం దాటుతున్నాయి. అదే ప్లాస్మిడ్, అదే పాలిమర్, అదే చెయ్యి. నేరుగా చర్మం నుంచి తీసిన (ప్రైమరీ) ఫైబ్రోబ్లాస్టు కణాల మీద వేస్తే మాత్రం 5 శాతం కూడా రావడం లేదు. పైగా సగం కణాలు గుండ్రంగా ముడుచుకుని పైకి తేలిపోతున్నాయి.

వాడుతున్నది బ్రాంచ్‌డ్ పీఈఐ, 25 కిలోడాల్టన్లది. 12 వెల్స్ ప్లేటు. వెల్‌కి డీఎన్‌ఏ 1 మైక్రోగ్రాము, పీఈఐ 3 మైక్రోగ్రాములు. సీరం లేని మీడియంలో 20 నిమిషాలు ఉంచి వేస్తున్నాను. వైవా దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది. అసలు లోపలికే వెళ్లడం లేదా, వెళ్లినా పని చేయడం లేదా? తేల్చుకునేది ఎలా?

పాలిమర్ పంతులు:
సిరి గారూ, ముందు ఆ 1:3 లెక్క సంగతి చూద్దాం. బరువుల్లో చెబితే అసలు కథ కనబడదు. పీఈఐలో ఉన్న నైట్రోజన్లు, డీఎన్‌ఏలో ఉన్న ఫాస్ఫేట్లు, ఈ రెంటి నిష్పత్తి చూడాలి. 1 మైక్రోగ్రాము డీఎన్‌ఏలో సుమారు 3 నానోమోల్స్ ఫాస్ఫేట్ ఉంటుంది. పీఈఐలో ప్రతి 43 డాల్టన్లకీ ఒక నైట్రోజన్. అంటే మీ 3 మైక్రోగ్రాముల్లో దాదాపు 70 నానోమోల్స్. భాగిస్తే ఎన్/పీ 23.

డీఎన్‌ఏ పూర్తిగా ముడుచుకుపోవడానికి ఎన్/పీ 3 దగ్గరే సరిపోతుంది. మిగతా పీఈఐ అంతా పార్టికల్స్‌తో సంబంధం లేకుండా మీ మీడియంలో ఖాళీగా తిరుగుతూ ఉంటుంది. దాన్ని పూర్తిగా తీసేస్తే ట్రాన్స్‌ఫెక్షన్, అంటే జీన్ కణంలోకి చేరడం, పడిపోతుంది, కాబట్టి అది దండగ కాదు. కానీ కణం పొరల్ని చిల్లులు పొడిచేదీ, మైటోకాండ్రియాని దెబ్బతీసేదీ ఎక్కువగా అదే. హెక్ కణాలు మొండివి, తట్టుకుంటాయి. ప్రైమరీ కణాలు తట్టుకోవు. తేలిపోతున్నాయన్నారే, కారణం అది.

మీ రెండో ప్రశ్నకి: లోపలికి వెళ్తున్నాయనే నా అనుమానం. పార్టికల్ మీద పాజిటివ్ చార్జ్, కణం పైన నెగెటివ్ చార్జ్. అంటుకోవడం, ఎండోజోమ్ అనే సంచిలోకి మింగబడటం దాదాపు అన్ని కణాల్లోనూ జరుగుతుంది. ఆ తర్వాతే తేడా.

సందేహాల సాంబయ్య:
నేను సైన్సు వాణ్ణి కాదు, బ్యాంకులో చేసి రిటైరయ్యాను. చదువుతుంటే ఆసక్తిగా ఉంది కాబట్టి అడుగుతున్నా. జీన్ థెరపీ అంటే వైరస్‌తో చేస్తారని విన్నాం. వైరస్ కోట్ల ఏళ్లుగా ఇదే పని చేస్తోంది కదా, దాన్ని పక్కనపెట్టి ఈ ప్లాస్టిక్‌తో కుస్తీ ఎందుకు?

డెట్రాయిట్ రమణ:
సాంబయ్య గారూ, మంచి ప్రశ్న. 1999 సెప్టెంబరులో అమెరికాలో జెస్సీ గెల్సింగర్ అనే 18 ఏళ్ల కుర్రాడు ఎడినోవైరస్ ట్రయల్‌లో చనిపోయాడు. వైరస్ మీద శరీరం ఎదురుతిరిగిన తీరు అది. తర్వాత ప్యారిస్‌లో రోగనిరోధక శక్తి లేకుండా పుట్టిన పిల్లలకి రెట్రోవైరస్‌తో చేసిన చికిత్స పని చేసింది గానీ, కొందరికి లుకేమియా వచ్చింది. జీన్ వెళ్లి కూర్చోకూడని చోట కూర్చుంది.

ఇప్పుడు ఎక్కువగా వాడే ఏఏవీ అనే చిన్న వైరస్ వాటికంటే చాలా నయం. కానీ దానిలో పట్టేది సుమారు 4.7 కిలోబేస్‌ల (వెయ్యి డీఎన్‌ఏ అక్షరాలు ఒక కిలోబేస్) జీనే. చాలామందికి చిన్నప్పుడే ఏఏవీ సోకి యాంటీబాడీలు ఉంటాయి, వాళ్లకి మందు ఎక్కదు. ఒకసారి ఇచ్చాక రెండోసారి ఇవ్వడం కష్టం. ఇక ధర. 2019లో వచ్చిన ఏఏవీ మందు జోల్‌జెన్స్‌మా అప్పుడే 21 లక్షల డాలర్ల పైమాటే.

పాలిమర్‌కి ఈ గొడవలు తక్కువ. జీన్ పొడవుకి పెద్దగా పట్టింపు లేదు, మళ్లీ మళ్లీ ఇవ్వొచ్చన్న ఆశ ఉంది, కెమిస్ట్రీ ల్యాబులో తయారవుతుంది. చిక్కల్లా ఒక్కటే: పని తక్కువ చేస్తుంది.

ట్యాంక్‌బండ్ తారక్:
ఎంత తక్కువ అనేది లెక్కేసి చూపిస్తా. సిరి గారి ప్లాస్మిడ్ 5 కిలోబేస్‌లనుకుందాం. 1 మైక్రోగ్రాములో దాదాపు 18,500 కోట్ల కాపీలు. వెల్‌లో 2 లక్షల కణాలుంటే కణానికి 9 లక్షల కాపీలు పోస్తున్నట్టు. అన్ని పోస్తేనే ఆ 80 శాతం! అందులో న్యూక్లియస్ దాకా చేరేవి అతి కొద్ది. దారిలో ఎక్కడెక్కడ రాలిపోతున్నాయన్నదే ఈ ఫీల్డ్ మొత్తం.

ఇంకో తమాషా చెప్పాలి. నేను పని చేసేది ఏఏవీ తయారు చేసే చోట. సాంబయ్య గారూ, మీరు చెప్పిన ఆ వైరస్‌ని మేము ఎలా తయారు చేస్తామో తెలుసా? బయోరియాక్టర్‌లో హెక్ కణాలు పెంచి, మూడు ప్లాస్మిడ్లు కలిపి, పీఈఐతోనే లోపలికి పంపిస్తాం. చాలా కంపెనీల్లో ఇదే పద్ధతి. వైరస్‌కి పోటీ అనుకున్న పాలిమర్ వైరస్ ఫ్యాక్టరీలో కూలీగా కుదిరింది.

సందేహాల సాంబయ్య:
భలే చెప్పారు తారక్ బాబూ. మరి 1 మైక్రోగ్రాము, 5 కిలోబేస్ అంటున్నారు, అంత పొడుగు దారం ఆ కాస్త పార్టికల్‌లో ఎలా పడుతుంది?

పాలిమర్ పంతులు:
5 కిలోబేస్‌ల డీఎన్‌ఏని సాగదీస్తే 1.7 మైక్రాన్లు. పార్టికల్ 100 నానోమీటర్లు, అంటే దానిలో పదిహేడో వంతు. సిరిసిల్ల నేతన్న అగ్గిపెట్టెలో పెట్టిన చీర గుర్తుందా, అలాంటి పనే. డీఎన్‌ఏ పొడవునా ఫాస్ఫేట్ల నెగెటివ్ చార్జ్ ఉంటుంది, తనని తాను తోసుకుంటూ విచ్చుకుని ఉంటుంది. పాలిమర్ పాజిటివ్ చార్జ్ ఆ తోపుడుని చంపేస్తే తనంతట తనే కుప్పకూలుతుంది. పంచాయితీ మడతపెట్టడంలో లేదు, సరైన చోట విప్పడంలో ఉంది.

చరిత్ర ఒక్క ముక్క. 1987లో వూ దంపతులు పాలిలైసిన్‌కి ఒక ప్రోటీన్ తగిలించి కాలేయ కణాలకి డీఎన్‌ఏ పంపారు. పాలిలైసిన్ మడతపెడుతుంది గానీ ఎండోజోమ్‌లోంచి బయటికి రానివ్వదు, అందుకని క్లోరోక్విన్ లాంటి మందు తోడివ్వాల్సి వచ్చేది. 1995లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ నుంచి బేర్ బృందం పీఈఐ తెచ్చింది. దానికి ఆ తోడు అక్కర్లేదు. గొలుసులో ప్రతి మూడో పరమాణువూ నైట్రోజనే, మామూలు పీహెచ్‌లో వాటిలో కొన్నే చార్జ్ అయి ఉంటాయి. ఎండోజోమ్ ఆమ్లంగా మారేకొద్దీ మిగిలినవి ప్రోటాన్లు పట్టుకుంటాయి, వెంట క్లోరైడ్ వస్తుంది, నీళ్లొస్తాయి, ఉబ్బి పగులుతుంది. దీన్నే ప్రోటాన్ స్పాంజ్ అన్నారు.

డెట్రాయిట్ రమణ:
పంతులు గారూ, ఆ స్పాంజ్ కథని నేను అంతగా నమ్మను. 2013లో పీఈఐ ఉన్న లైసోజోముల్లో (ఎండోజోముల తర్వాతి దశ సంచులు) పీహెచ్‌ని నేరుగా కొలిచారు. పీఈఐ ఉన్నా పీహెచ్‌లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఉబ్బి పగలడం కంటే, చార్జ్ పెరిగిన పాలిమర్ పొరని నేరుగా చీల్చడమే అసలు కారణమని చాలామంది అంటున్నారు. వైవాలో సిరి గారు ‘ప్రోటాన్ స్పాంజ్ వల్ల బయటికొస్తుంది’ అని ఖాయంగా చెబితే ఎగ్జామినర్ అక్కడే పట్టుకుంటాడు.

పాలిమర్ పంతులు:
ఒప్పుకోను రమణా, పూర్తిగా కాదు. ఎండోజోమ్‌లోకి ప్రోటాన్లని పంప్ చేసే ఎంజైమ్‌ని బాఫిలోమైసిన్‌తో ఆపేస్తే పీఈఐ ట్రాన్స్‌ఫెక్షన్ దారుణంగా పడిపోతుంది. ఆమ్లత్వం కావాల్సిందే అన్నది ఖాయం.

డెట్రాయిట్ రమణ:
ఆమ్లత్వం కావాలన్నదానికి నాకూ అభ్యంతరం లేదండీ. పాలిమర్‌కి చార్జ్ పెరగాలంటే అది కావాలి కదా. అది ఉబ్బి పగలడానికి రుజువు కాదు. సిరి గారూ, ఈ రెండు వాదనలూ రాయండి, ‘హైపోథిసిస్’ అనే మాట వదలకండి.

బుజ్జిగాడి నాన్న:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా బాబుకి కండరాలు క్రమంగా క్షీణించే డుషేన్ మస్క్యులర్ డిస్ట్రఫీ. తొమ్మిదో ఏడు. ఇంకా నడుస్తున్నాడు, మెట్లు మాత్రం ఎక్కలేడు. ఇంటర్నెట్‌లో ‘నానో జీన్ థెరపీ, వైరస్ లేదు, సైడ్ ఎఫెక్ట్స్ లేవు’ అని ఒక క్లినిక్ ప్రకటన చూసి ఫోన్ చేశాను. ముందు అడ్వాన్స్ కట్టమన్నారు. ఏ జీన్ ఇస్తారో అడిగితే ‘అది మా టెక్నాలజీ’ అన్నారు. మీరు మాట్లాడుకునేది ఇదేనా? మా బాబుకి పనికొస్తుందా?

డెట్రాయిట్ రమణ:
అన్నా, ముందు ఆ డబ్బు కట్టకండి. ఇవాళ డుషేన్‌కి పాలిమర్ నానోపార్టికల్ మందు ప్రపంచంలో ఎక్కడా అనుమతి పొందలేదు. మన దేశంలో ఎవరైనా జీన్ థెరపీ ట్రయల్ చేయాలంటే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ అనుమతి కావాలి, ట్రయల్స్ జాబితా అయిన సీటీఆర్‌ఐలో రిజిస్టర్ అయి ఉండాలి, 2019 ఐసీఎంఆర్ మార్గదర్శకాలు పాటించాలి. సీటీఆర్‌ఐ వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. నిజమైన ట్రయల్ ప్రయోగంలో ఉన్న మందుకి పేషెంటు దగ్గర డబ్బు వసూలు చేయదు.

పనికొస్తుందా అన్నదానికి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఈ జబ్బులో లోపించే డిస్ట్రోఫిన్ ప్రోటీన్‌కి కావాల్సిన కోడ్ 11 కిలోబేస్‌లు, ఏఏవీలో పట్టదు. అందుకే కత్తిరించిన మైక్రోడిస్ట్రోఫిన్ వాడతారు. అలాంటి మందు ఎలివిడిస్‌కి అమెరికాలో 2023లో అనుమతి వచ్చింది. 2025లో నడవలేని దశలో ఉన్న ఇద్దరు పేషెంట్లు కాలేయం దెబ్బతిని చనిపోయారు. పాలిమర్‌లో పూర్తి జీన్ పడుతుంది, కాగితం మీద ఆశ అక్కడే. కానీ కండరం ఒంట్లో ఒక చోట లేదు, ఒళ్లంతా ఉంది. నరానికి ఎక్కించిన పార్టికల్స్ కాలేయం, ప్లీహం, ఊపిరితిత్తుల్లో చిక్కుకుపోతాయి. రక్తనాళం గోడ దాటి ప్రతి కండరానికీ చేరే పాలిమర్ ఇంకా రాలేదు.

పాలిమర్ పంతులు:
నాన్నగారూ, ఇంకో మాట. 1990లో విస్కాన్సిన్‌లో వుల్ఫ్ బృందం ఏ పాలిమరూ లేకుండా ఉత్త ప్లాస్మిడ్‌ని ఎలుక కండరంలోకి సూదితో ఇస్తే జీన్ పని చేసింది. కండరంలో పీఈఐతో కలిపి ఇస్తే ఉత్త డీఎన్‌ఏ కంటే తక్కువ వచ్చింది. గట్టిగా చార్జ్ ఉన్న పార్టికల్ సూది గుచ్చిన చోటు దాటి కదలదు మరి. ఉత్త డీఎన్‌ఏ అయినా సూది పడిన చుట్టుపక్కలే పని చేస్తుంది. టీకాకి అది చాలు. 2021 ఆగస్టులో మన దేశంలో అత్యవసర అనుమతి వచ్చిన జైకోవ్-డి ప్లాస్మిడ్ టీకానే, సూది లేకుండా చర్మంలోకి ఇచ్చారు. బాబుకి కావాల్సింది అది కాదు. స్టెరాయిడ్లు, ఫిజియోథెరపీ, గుండె పరీక్షలు మానకండి. న్యూరోమస్క్యులర్ క్లినిక్ ఉన్న పెద్దాసుపత్రిలో పేరు నమోదు చేయించి ఉంచండి, ట్రయల్ వస్తే ముందు వాళ్లకే తెలుస్తుంది.

బుజ్జిగాడి నాన్న:
నంబర్ అడిగాను. ఫోన్ పెట్టేశారు. మీ అందరికీ దండాలు. స్టెరాయిడ్ వాడుతున్నాం, గుండె స్కాన్ ఈ నెలే చేయిస్తాను.

ట్యాంక్‌బండ్ తారక్:
అన్నా, ఆ ప్రకటన స్క్రీన్‌షాట్ ఉంచుకోండి, రాష్ట్ర డ్రగ్ కంట్రోల్ వాళ్లకి ఫిర్యాదు చేయొచ్చు. ఎలా రాయాలో కావాలంటే ప్రైవేట్ మెసేజ్ పెట్టండి.

సిరి గారూ, మీ పనికొద్దాం. ఫ్యాక్టరీలో నేర్చుకున్నవి కొన్ని. పీఈఐ, డీఎన్‌ఏ కలిపాక గడియారం నడుస్తూనే ఉంటుంది. ఉప్పున్న మీడియంలో పార్టికల్ నిమిషనిమిషానికీ పెరుగుతుంది. మొదట 100 నానోమీటర్లుండేది కాసేపట్లో మైక్రాన్ దాటుతుంది. ప్లేటులో పెద్ద పార్టికల్స్ బరువుకి కిందకి దిగి కణాల మీద కూర్చుంటాయి, అందుకే హెక్‌లో అవే బాగా పని చేస్తాయి కూడా. ఫైబ్రోబ్లాస్టుల మీద ఆ ముద్దలు పడితే చస్తాయి. 5 శాతం గ్లూకోజ్‌లో కలిపి చూడండి, చిన్నవిగా ఉండిపోతాయి. పెద్ద రియాక్టర్‌లో మాకు ఇదే తలనొప్పి: పది లీటర్లకి పైగా ఉన్న మిశ్రమాన్ని లోపలికి పంప్ చేసేలోపు మొదట వెళ్లినవి ఒక సైజు, చివర వెళ్లినవి ఇంకో సైజు. టైటర్ (వైరస్ దిగుబడి) పడిపోతే ముందు పంపు వైపే చూస్తాం.

లీనియర్ పీఈఐకి మారండి. పొడి చల్లటి నీళ్లలో కరగదు, వేడి చేయాలి లేదా పీహెచ్ తగ్గించాలి. కరిగాక 7కి తెచ్చి 0.22 మైక్రాన్ ఫిల్టర్ చేసి చిన్నచిన్న ట్యూబుల్లో ఫ్రీజ్ చేయండి. హైడ్రోక్లోరైడ్ ఉప్పు రూపంలో కొంటే ఈ తంటా లేదు. ఎన్/పీ 23 నుంచి 8కి దించండి. అంటే మైక్రోగ్రాముకి మైక్రోగ్రాము. ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా విషం) లేని కిట్‌తో తీసిన ప్లాస్మిడ్ వాడుతున్నారా? ప్రైమరీ కణాలకి అది చాలా ముఖ్యం.

సెల్‌కల్చర్ సిరి:
మామూలు మినీప్రెప్ కిట్ అండీ. మారుస్తాను. మరి లోపలికి వెళ్తోందా లేదా అన్నది?

పాలిమర్ పంతులు:
మూడు పరీక్షలు చేస్తే తేలిపోతుంది. ప్లాస్మిడ్‌కి సై3 రంగు తగిలించి, ఎన్ని కణాల్లో ఎర్ర చుక్కలున్నాయో చూడండి. పైన అంటుకున్నవి లెక్కలోకి రాకుండా హెపారిన్‌తో కడగడం మరవద్దు. తర్వాత అవే ఫైబ్రోబ్లాస్టులకి జీఎఫ్‌పీ ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ తయారీకి వాడే జీన్ నకలు) ఇవ్వండి. దీనికి పీఈఐ వద్దు, ఎంఆర్‌ఎన్‌ఏని పట్టుకుంటే ఓ పట్టాన వదలదు. లిపిడ్ (కొవ్వు) రియేజెంట్ వాడండి. అదే రియేజెంట్‌తో ప్లాస్మిడ్ కూడా ఇవ్వండి, లేకపోతే పోలిక చెల్లదు. ఎంఆర్‌ఎన్‌ఏ సైటోప్లాజంలోకి (కణంలో న్యూక్లియస్ బయటి భాగం) వస్తే చాలు, న్యూక్లియస్ అక్కర్లేదు. ఎంఆర్‌ఎన్‌ఏతో వెలిగి ప్లాస్మిడ్‌తో వెలగకపోతే అడ్డు ఎక్కడో చెప్పనక్కర్లేదు.

డెట్రాయిట్ రమణ:
దీనికి నేను కలిపేది: న్యూక్లియస్ రంధ్రంలోంచి 40 కిలోడాల్టన్ల పైన ఉన్నవేవీ ఊరికే జారిపోవు. 5 కిలోబేస్‌ల ప్లాస్మిడ్ 3,000 కిలోడాల్టన్ల పైమాటే. కణం విభజన చెందేటప్పుడు న్యూక్లియస్ పొర కరుగుతుంది కదా, ప్లాస్మిడ్‌కి అప్పుడే దారి. హెక్ కణాలు దాదాపు రోజుకోసారి విభజన చెందుతాయి. మీ ఫైబ్రోబ్లాస్టులు ప్లేటు నిండిపోయి ఆగిపోయి ఉంటే ఇక అంతే. 60 శాతం నిండినప్పుడే వేయండి. ఈలోపు సైటోప్లాజంలో డీఎన్‌ఏని తెంపే న్యూక్లియేజ్ ఎంజైములు కొరుకుతూనే ఉంటాయి, విడిగా ఉన్న డీఎన్‌ఏకి గంట, గంటన్నరే సగం ఆయుష్షు.

మందుల్లో లిపిడ్లు పాలిమర్లని దాటిపోవడానికి కారణం చాలావరకు ఇదే. 2018లో వచ్చిన లిపిడ్ మందు పాటిసిరాన్ గానీ, కోవిడ్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలు గానీ న్యూక్లియస్ గడప తొక్కవు. ఆ లిపిడ్ పార్టికల్స్‌లో కూడా ఎండోజోమ్ దాటేది 1–2 శాతమే అని 2013లో కొలిచారు. ఆ కొంచెంతోనే పని జరిగిపోతుంది. 2025లో ఫిలడెల్ఫియాలో ఒక పసివాడి కోసమే తయారు చేసిన జీన్ ఎడిటింగ్ మందు కూడా లిపిడ్ పార్టికల్‌లోనే వెళ్లింది, కాలేయానికి. హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో అరబింద చౌధురి బృందం చాలా ఏళ్ల కిందటే జీన్ డెలివరీ కోసం కేటయానిక్ (పాజిటివ్ చార్జ్ ఉన్న) లిపిడ్లు చేస్తూ వచ్చింది, సిరి గారు సాహిత్యంలో అవి తప్పక చూడాలి.

సందేహాల సాంబయ్య:
అంటే ఈ పాలిమర్ మనుషుల దాకా రానే లేదా?

పాలిమర్ పంతులు:
రాకేం, వచ్చింది. అమెరికాలోని కాల్‌టెక్‌లో మార్క్ డేవిస్ బృందం సైక్లోడెక్స్‌ట్రిన్ పాలిమర్‌లో ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ (జీన్‌ని అణచే చిన్న ఆర్‌ఎన్‌ఏ) పెట్టి 2008లో క్యాన్సర్ రోగులకి ఎక్కించడం మొదలుపెట్టింది. ఆ పార్టికల్స్ కణితిలోకి చేరాయని బయాప్సీల్లో 2010లో చూపించారు. మందుగా మాత్రం ముందుకు సాగలేదు. ఇప్పుడు మూత్రాశయ క్యాన్సర్‌కి కైటోసాన్ ఆధారంగా చేసిన ప్లాస్మిడ్ పార్టికల్స్ ట్రయల్స్‌లో ఉన్నాయి. కైటోసాన్ రొయ్య పెంకు నుంచి తీసే పాలిమరే, భీమవరం వాళ్లు గర్వపడొచ్చు. మందుని కేథటర్‌తో నేరుగా మూత్రాశయంలోకే నింపుతారు. రక్తంలోకి వెళ్లే పనే లేదు, రక్తంలోని ఆల్బుమిన్ ప్రోటీన్ వచ్చి అంటుకోదు, కాలేయం మింగదు. నా ఉద్దేశంలో పాలిమర్‌కి భవిష్యత్తు ఇలాంటి చోట్లే: మూత్రాశయం, కన్ను, ఊపిరితిత్తుల లోపలి పొర. ఒళ్లంతా తిరగాల్సిన చోట కాదు.

పీఈఐకి ఇంకో శాపం, దాని గొలుసుని తెంపే ఎంజైమ్ ఒంట్లో లేదు. చిన్న గొలుసు వాడితే విషం తగ్గుతుంది, పనీ తగ్గుతుంది. అందుకే చిన్న ముక్కల్ని డైసల్ఫైడ్ బంధాలతో కలిపి, కణంలోని గ్లూటాథయోన్ తగిలినప్పుడు విడిపోయేలా చేస్తారు. లేదా 2000లో ఎంఐటీలో లిన్, లాంగర్ మొదలుపెట్టిన పాలి బీటా-అమినో ఎస్టర్లు. నీళ్లు తగిలితే గంటల్లోనే విరిగిపోతాయి. అదే వాటి ఇబ్బంది కూడా, ద్రావణంలో నిల్వ ఉండవు. చక్కెర కలిపి ఫ్రీజ్ డ్రై చేసి ఉంచుకోవాలి.

సెల్‌కల్చర్ సిరి:
కొంచెం ఆలస్యంగా రాస్తున్నాను, మన్నించండి. అందరూ చెప్పినవి చేశాను. లీనియర్ పీఈఐ, ఎన్/పీ 8, గ్లూకోజ్, ఎండోటాక్సిన్ లేని ప్లాస్మిడ్, ప్లేటు సగం నిండినప్పుడే. తేలిపోయే కణాలు బాగా తగ్గాయి. జీఎఫ్‌పీ 5 నుంచి 18 శాతానికి వచ్చింది.

సై3 చుక్కలు మాత్రం పదింట తొమ్మిది కణాల్లో కనిపిస్తున్నాయి, ఎక్కువ న్యూక్లియస్ చుట్టూ గుంపుగా. లోపల ఒక్కటీ కనబడలేదు. లిపిడ్‌తో ఎంఆర్‌ఎన్‌ఏ ఇస్తే 70 శాతం వెలిగాయి, అదే లిపిడ్‌తో ప్లాస్మిడ్ ఇస్తే 20 దాటలేదు. మా గైడ్ గ్రాఫ్ చూసి ‘ఇదే నీ థీసిస్’ అన్నారు.

ఒక సందేహం. విభజన వల్లే తేడా అని చెప్పాలంటే ఇంకేం చేయాలి?

డెట్రాయిట్ రమణ:
డబుల్ థైమిడిన్ బ్లాక్ పెట్టండి, అంటే థైమిడిన్ రెండుసార్లు వేసి కణాల్ని ఆపడం. కణాలన్నీ ఎస్ దశ (డీఎన్‌ఏ నకలు తీసుకునే దశ) మొదట్లో ఆగుతాయి. ఒక ప్లేటుని ఆపే ఉంచి ట్రాన్స్‌ఫెక్ట్ చేయండి, ఇంకోదాన్ని వదిలి, విభజనకి కొంచెం ముందు వేయండి. రెంటికీ ఎంఆర్‌ఎన్‌ఏ కంట్రోల్ తప్పనిసరి, లేకపోతే ‘ఆగిన కణాలు ప్రోటీనే సరిగ్గా తయారు చేయవేమో’ అంటారు.

ట్యాంక్‌బండ్ తారక్:
సై3 కూడా రెండు ప్లేట్లలోనూ చూడండి. ఆగిన కణాలు సైజు పెరుగుతాయి, ఎక్కువ మింగొచ్చు. థైమిడిన్ స్టాక్ చల్లారితే గడ్డకడుతుంది, వాడే ముందు వేడి చేసి కరిగించండి.

సెల్‌కల్చర్ సిరి:
థైమిడిన్ మా ల్యాబులో లేదు, పక్క డిపార్ట్‌మెంట్‌లో అడిగాను, సోమవారం ఇస్తామన్నారు.